మావయ్య జపాన్ సైకిలు: పని డైరీ

జనవరి 11, కావలి

భోగి ముందు ఇల్లు దులుపుతూ అత్తయ్య పాత ఇనుము బండివాణ్ణి పిలిచింది. విరిగిన ఫ్యాను రెక్కలు, చిల్లుపడ్డ బకెట్టు తూకం వేశాక, మేడమెట్ల కింద నుంచి ఒక సైకిలు బయటికొచ్చింది. అరిసెల కోసం వెళ్లినవాణ్ణి, అరిసె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. గేరు మార్చే రెండు చిన్న మీటలు హ్యాండిలు మీద కాకుండా ఫ్రేము కింది గొట్టం మీద ఉన్నాయి. రంగు ఒకప్పుడు లేత నీలం అయి ఉంటుంది. ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ళ ఊడిపోయి, రెండు రివిట్ల రంధ్రాలు మిగిలాయి. స్టిక్కర్లు ఎప్పుడో రాలిపోయాయి. బండివాడు తూచాడు, పన్నెండు కిలోలు. కిలో ఇరవై ఎనిమిది చొప్పున 336 రూపాయలన్నాడు. అందులో అల్యూమినియం బాగానే ఉందని వాడికి తెలుసు, వేలితో కొట్టి చూశాడు కూడా. అయినా ఇనుము రేటే కట్టాడు. నేను అయిదొందలు అత్తయ్య చేతిలో పెట్టి సైకిలు పక్కకు లాగాను. "నీకేమన్నా పిచ్చా అబ్బయ్యా" అని నవ్వింది గానీ, డబ్బులు మాత్రం బీరువాలో పెట్టేసింది.

మావయ్య ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. "కోబేలో కొన్నా రా. పెళ్లికి ముందే. ఎనభై ఒకటి చివర్లోనో, ఎనభై రెండు మొదట్లోనో" అన్నాడు వాలుకుర్చీలోంచి. వంటింట్లోంచి అత్తయ్య అందుకుంది: "ముందు కాదు, తర్వాత. నాకు బాగా గుర్తు." వాళ్ల పెళ్లి 1982 మే నెలలో. ఇది ఇవాళ తేలే పంచాయతీ కాదని అర్థమై, సైకిల్ని కారు మీద కట్టుకుని నెల్లూరు దారి పట్టాను.

జనవరి 18, నెల్లూరు

ఇవాళ కడగడమే పని. డీజిలు, పాత టూత్ బ్రష్షు, సర్ఫు నీళ్లు. నలభై ఏళ్ల గ్రీజు నల్ల బెల్లంలా గట్టిపడి ఉంది. అది వదిలేకొద్దీ వెనక గేరు మీద, అంటే చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదకి మార్చే ముక్క మీద, ఏదో గీతలు కనిపించాయి. గీతలు కావు, చెక్కడం. సన్న తీగ ఒకటి చుట్టుకుంటూ పోయి ఆకుల దగ్గర విడిపోతుంది. బ్రేకు చేతుల మీదా అదే తీగ, గేరు మీటల మీదా అదే. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి "కుంకుమ భరిణె మీద పనిలా ఉందే" అంది.

పేరు తెలిసింది: సైకిలు ముక్కలు చేసే జపాన్ కంపెనీ షిమానోవాళ్ల 600. ఆ వరసలో 1978 ప్రాంతంలో వచ్చిన ఈ చెక్కడపు రకాన్ని పాత సైకిళ్లవాళ్లు అరబెస్క్ అంటారు. షిమానోలో పెద్దపీట 1973లో వచ్చిన డ్యూరా-ఏస్‌ది. 600 దాని కింది మెట్టు. పందెంలో గెలవడానికి డ్యూరా-ఏస్, రోజూ తొక్కడానికి 600 అన్నమాట. అయితే ఇప్పుడు పాత సామాను వెతికేవాళ్లలో ఈ కింది మెట్టుని ప్రేమించేవాళ్లే బోలెడుమంది. కారణం ఆ తీగే. ఆ తీగ వల్ల గేరు ఒక్క వీసం కూడా బాగా పడదు.

ఇక అసలు సంగతి. షిమానోవాళ్లు 1976 నుంచి తమ ముక్కల వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు గుద్దేవారు. మొదటిది ఏడాది: ఎ అంటే 1976, బి అంటే 1977, అలా వరసగా. రెండోది నెల: ఎ జనవరి, ఎల్ డిసెంబరు. టార్చి లైటు, భూతద్దం పట్టుకుని ఒక్కో ముక్క తిప్పి చూశాను. పెడలు బిగించే చేతికర్ర, అదే క్రాంకు, దాని వెనక ఎఫ్-హెచ్, అంటే 1981 ఆగస్టు. రెండు బ్రేకుల మీదా ఎఫ్-జి, అదే ఏడాది జూలై. ముందు గేరు కూడా 1981లోదే. మావయ్య మాటే నిజమైంది అనుకుంటూ వెనక గేరు తిప్పాను. హెచ్-సి. 1983 మార్చి.

మావయ్యకి ఫోన్ చేస్తే, "వాళ్లు తప్పు గుద్ది ఉంటారు" అన్నాడు. అత్తయ్యకి చెప్తే, "చూశావా" అంది.

జనవరి 25

మన సైకిళ్లకి క్రాంకుని ఇరుసుతో కలిపి పట్టుకునేది కాటర్ పిన్ను. నట్టు ఊడదీసి సుత్తితో రెండు తగిలిస్తే వచ్చేస్తుంది. దీనికి పిన్ను లేదు. ఇరుసు కొన నాలుగు పలకలుగా సన్నబడుతుంది, అల్యూమినియం క్రాంకు దాని మీద బిగిసి కూర్చుంటుంది. లాగాలంటే క్రాంకు లోపలి మరలో పట్టే పుల్లరు కావాలి. మా వీధి చివర మెకానిక్కు చూసి సుత్తి తీశాడు. ఆయన చేతిపనికి నేను దండం పెడతాను, బెండు తీస్తే చక్రం గాల్లో నిలబడినట్టు తిరుగుతుంది. కానీ మెత్తని అల్యూమినియం మీద సుత్తి అంటే నాకు టెన్షన్. సైకిలు తోసుకుంటూ వచ్చేశాను.

స్టోన్‌హౌస్‌పేట వైపు ఒక లేతు షాపు ఉంది. మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసేటప్పుడు ఆయనతో కలిసి పనిచేసినవాళ్ల అబ్బాయిది. "అన్నా, 22 మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటరు పిచ్" అని చెప్తే వెర్నియరుతో క్రాంకు లోపల కొలిచి తలూపాడు. గంటన్నరలో ముక్క తయారు. నాలుగొందల యాభై తీసుకున్నాడు. దాన్ని బిగించి, మధ్య బోల్టు మెల్లగా తిప్పుతుంటే టక్ అని ఒక చప్పుడు, క్రాంకు చేతిలోకి వచ్చేసింది. మరలో ఒక్క పన్ను కూడా చెదరలేదు.

ఇదే ఫ్రెంచివాళ్ల పాత క్రాంకు అయితే ఈ పుల్లరు పనికిరాకపోయేది. స్ట్రాంగ్‌లైట్‌ది ఒక కొలత, టీఏది ఇంకో కొలత. పాత సామాను కొనేవాళ్లు చాలామంది ముక్క ధర చూస్తారు గానీ, దాన్ని విప్పే పనిముట్టు ధర చూడరు. కొన్నిసార్లు పనిముట్టే ముక్క కంటే అరుదు.

ఫిబ్రవరి 1

తప్పు నాదే, ఇంకెవరి మీదా తొయ్యను.

క్రాంకు ఇరుసు తిరిగే గూట్లో రెండు కప్పులు ఉంటాయి. ఎడమది సులువుగా వచ్చింది. కుడివైపుది పెద్ద పానాతో పట్టి, ఎడమకి తిప్పాను. కదల్లేదు. పైపు తగిలించి ఊగాను. పానా జారి కప్పు అంచు ఒక పలక అరిగిపోయింది, నా బొటనవేలి గోరు నల్లబడింది. ఐసు పెట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది. కుడి కప్పుకి మర ఎదురుది. ఎడమకి తిప్పితే బిగుస్తుంది. గంటసేపు నేను దాన్ని ఇంకా బిగిస్తూ కూర్చున్నాను.

జపాన్‌వాళ్లు ఇంగ్లీషు కొలతే వాడారు: 1.37 అంగుళం, అంగుళానికి 24 మరలు, కుడివైపు ఎదురు మర. తొక్కేకొద్దీ కప్పు తనంతట తాను వదులు కాకుండా ఆ ఏర్పాటు. ఈ కొలతని ఇప్పటికీ బీఎస్ఏ మర అంటారు. మన సైకిళ్ల మీద కనిపించే ఆ బీఎస్ఏయే, తుపాకులు చేసిన బర్మింగ్‌హామ్ కంపెనీ. ఇటలీవాళ్లు, పాత ఫ్రెంచివాళ్లు మాత్రం రెండువైపులా ఒకే రకం మర పెట్టారు. అందమైన ఇటలీ ఫ్రేముల్లో కుడి కప్పు వదులవడం అందుకే మామూలు.

అరిగిన కప్పుని పానా పట్టదు. పెద్ద బోల్టు ఒకటి కప్పు కన్నంలోంచి దూర్చి, రెండువైపులా వాషర్లు వేసి, నట్టు గట్టిగా బిగించాను. బోల్టుని కుడికి తిప్పుతూ పోతే బోల్టూ బిగుస్తుంది, కప్పూ దాంతోపాటు తిరుగుతుంది. కుడికే కదా అది ఊడేది. మూడో ఊపులో వచ్చేసింది. లోపల బాల్స్ నడిచే దారి అద్దంలా ఉంది, ఒక్క గుంట లేదు. ఏళ్ల తరబడి సముద్రపు గాలి తిన్నా, గ్రీజు ఎండిపోయినా, గట్టిపరచిన ఉక్కు అలాగే ఉంది. బయట మెరిసేదాని కంటే ఈ గీత చూస్తే నాకు ఎక్కువ సంతోషం.

ఫిబ్రవరి 8 నుంచి 17

సీటు గొట్టం. పది రోజులు.

కావలిలో మావయ్య ఇంటికి సముద్రం పెద్ద దూరం కాదు. ఉప్పుగాలిలో ఇనుప ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే రెండూ ఒకటైపోతాయి. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, తెల్లగా, విభూతిలా ఉంటుంది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే బిరడా వేసినట్టు బిగుస్తుంది. దీనికి నూనె కంటే అమోనియా మేలు. ఫ్రేము తలకిందులు చేసి, అడుగు నుంచి గొట్టంలోకి కొంచెం కొంచెం పోశాను. మా ఆవిడ రెండో రోజే అల్టిమేటం ఇచ్చింది: సైకిలైనా మేడ మీదకి పోవాలి, నేనైనా పోవాలి. ఇద్దరం పోయాం.

కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియం పూర్తిగా కరిగిపోతుందని తెలుసు, అది ఆఖరి అస్త్రం. గొట్టం పోతుంది, వాయువు పుడుతుంది, రంగూ పోతుంది. అంతదాకా పోకుండానే పదో రోజు పొద్దున, గొట్టాన్ని వైసులో బిగించి ఫ్రేమునే చుక్కానిలా తిప్పితే కిర్రుమంది. ఆ కిర్రు విని పక్క మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్న వాళ్లు కూడా ఇటు చూశారు.

ఫిబ్రవరి 22

ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

బ్రేకులు మసకబారి ఉన్నాయి. ఊళ్లో ఒక పాలిష్ షాపుంది, మోటారు మీద గుడ్డ చక్రం పెట్టి బిందెలు, బుల్లెట్ బళ్ల సైలెన్సర్లు మెరిపిస్తారు. ముందు బ్రేకు ఒక్కటి ఇచ్చి చూద్దాం అనుకున్నా. అది ఏమిటో, దాని మీద ఏముందో నేను చెప్పలేదు. అడగకుండా ఆయనకెలా తెలుస్తుంది? సాయంత్రం వెళ్తే బ్రేకు వెండి గిన్నెలా ధగధగలాడుతోంది. తీగ లేదు. వేలితో తడిమితే ఒక మూల ఆకు ఒకటి ఉన్నట్టూ లేనట్టూ తగిలింది.

పోయింది తీగ మాత్రమే కాదు. ఈ ముక్కల మీద సన్నని గట్టి పొర, అనోడైజింగ్ అంటారు, తయారీలోనే వేస్తారు. అల్యూమినియాన్ని ఉప్పుగాలి నుంచి కాపాడేది అదే. గుడ్డ చక్రం దాన్నీ తినేసింది. ఇక ఈ బ్రేకుని నెలకోసారి తుడుచుకోవాలి, లేకపోతే మళ్లీ తెల్ల విభూతి.

మిగిలినవాటికి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. క్రోము ముక్కలకి మాత్రం చింతపండు గుజ్జు, నలిపిన అల్యూమినియం కాగితం. మచ్చలు బాగానే పోయాయి.

మార్చి 8, ఒంగోలు

ఒంగోలులో నాకు తెలిసిన ఫిజిక్స్ లెక్చరరు గారు ఒకాయన ఉన్నారు, రిటైరయ్యారు. ఇల్లంతా సైకిళ్లే. అమెరికాలో ఉన్న అబ్బాయి వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో ముక్కలు తెస్తాడు. నా రెండు బ్రేకులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయన పాలిష్ పెట్టిన బ్రేకుని తీసి, చూసి, ఏమీ అనకుండా కింద పెట్టారు. కాసేపాగి, "కొనేవాడు ఉంటే సగం ధర పోయినట్టే" అన్నారు. "మరి బ్రేకు పడుతుందా సార్?" అన్నాను. "ముందెంత పడేదో అంతే పడుతుంది."

అక్కడి నుంచి మాటలు ధరల మీదకి పోయాయి. ఆయన దగ్గర కాంపాగ్నోలో అనే కంపెనీవాళ్ల నువోవో రికార్డు వెనక గేరు ఉంది. 1967లో వచ్చిన రకం, పై ముక్క మీద 'పేటెంట్–78' అని గుద్ది ఉంటుంది. అంటే 1978లో చేసింది. ఇటలీలో విచెంజాలో తుల్లియో కాంపాగ్నోలో 1933లో పెట్టిన కంపెనీ. 1927లో మంచు పడే కనుమ మీద పందెంలో చక్రం నట్టు గడ్డకట్టి ఊడక ఆయన ఓడిపోయాడనీ, ఆ కసితోనే మీట తిప్పితే చక్రం ఊడే క్విక్ రిలీజ్ కనిపెట్టాడనీ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా మీట మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ గేరుని చేతిలోకి తీసుకుంటే ఒప్పుకోక తప్పదు: ప్రతి కీలుకీ బుష్షు, ప్రతి మరా విడదీసి మార్చుకోవచ్చు, ఏ అంచూ వేలికి గుచ్చుకోదు.

పక్కనే ఆయన ఇంకో గేరు పెట్టారు, జపాన్‌వాళ్ల సన్‌టూర్. పాత సామాన్లలో దీని ధర కాంపాగ్నోలో ముందు చిల్లర. స్టాండుకి ఎక్కించిన సైకిలుకి ఒకదాని తర్వాత ఒకటి బిగించి చూశాం. కాంపాగ్నోలో పెద్ద పళ్లచక్రం మీదకి ఎక్కేముందు తటపటాయిస్తుంది, మీట కాస్త దాటించి మళ్లీ వెనక్కి తేవాలి. సన్‌టూర్ ఠక్కున ఎక్కేస్తుంది. కారణం సులువు. వెనక పళ్లచక్రాలు చిన్నదాని నుంచి పెద్దదాకా మెట్లలా ఏటవాలుగా ఉంటాయి. కాంపాగ్నోలో చట్రం అడ్డంగా తిన్నగా కదులుతుంది. సన్‌టూర్ చట్రం ఆ వాలునే పట్టుకుని కదులుతుంది, అందుకని చైనుకీ పళ్లకీ మధ్య దూరం ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. 1964లో సన్‌టూర్ దానికి పేటెంటు తీసుకుంది. 1984లో గడువు తీరగానే అందరూ ఆ వాలు పట్టుకున్నారు. అదే ఏడాది షిమానో డ్యూరా-ఏస్‌లో టిక్ టిక్ మని మెట్టుమెట్టుకీ ఆగే గేరు మీటలు తెచ్చి సన్‌టూర్‌ని దాటిపోయింది. ఈ రోజు మీరు కొనే గేరు సైకిళ్లలో చాలావాటికి ఆ వాలే ఉంటుంది. అయినా అద్దాల బీరువాలో ఉండేది మాత్రం కాంపాగ్నోలోయే.

"బాగా పనిచేసినవి అరిగిపోయాయి, చెత్తబుట్టలోకి పోయాయి. పనిచెయ్యనివి పెట్టెల్లో మిగిలాయి, వాటికే ఇప్పుడు ధర" అన్నారు ఆయన. ఊరికే అన్న మాట కాదు. 1980ల మొదట్లో షిమానో గాలికి అడ్డు తగలకూడదని ఏఎక్స్ అని ఒక వరస తెచ్చింది, పెడల్ మర కూడా వేరే లావు. అమ్ముడుపోక ఆపేశారు. ఇప్పుడు దానికోసం ఎగబడతారు. కాంపాగ్నోలో డెల్టా బ్రేకులు చూడటానికి శిల్పంలా ఉంటాయి, బండి ఆపడంలో అంతంతమాత్రం. వాటి ధర విని నేను మంచినీళ్లు అడిగాను. దానికి తోడు ఎరోయికా అని ఇటలీలో 1997 నుంచి పాత సైకిళ్ల యాత్ర ఒకటి జరుగుతోంది. ప్రధానంగా 1987కి ముందువి, గేరు మీటలు కింది గొట్టం మీద ఉన్నవి రానిస్తారు. ఆ రకం మీటలకి గిరాకీ పెరగదా మరి?

ఆయన దగ్గర నువోవో రికార్డు క్రాంకు కూడా ఉంది, ఎవరికో మాటిచ్చారు, మంచి ధర. నాకు నాన్న గుర్తొచ్చి, "ఒకసారి చూద్దామా సార్" అన్నాను. ఇంజన్ల ఇరుసుల్లో బీట వెతకడానికి షెడ్డులో ఏం చేసేవాళ్లో నాన్న చెప్పేవాడు. నూనె రాసి, పూర్తిగా తుడిచి, పైన సుద్ద చల్లుతారు. బీట ఉంటే దాంట్లో దాగిన నూనె సుద్దలోకి ఊరి గీతలా బయటపడుతుంది. కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, డీజిలే రాశాం. పావుగంట ఆగాం. ఇంట్లోంచి మేడమ్ గారు సన్న ముగ్గుపిండి తెచ్చిచ్చారు. గుడ్డలో కట్టి పైన దులిపాం. చేతికర్ర నుంచి అయిదు రెమ్మలు విడిపోయే మూలల్లో ఒకచోట, తెల్లటి పిండి మీద వెంట్రుకంత తడి గీత లేచింది. అర సెంటీమీటరు ఉంటుంది. ఈ క్రాంకులకి ఆ మూలే బలహీనం, అక్కడి నుంచే చీలతాయని ఆయనకీ తెలుసు. ఇన్నాళ్లూ మెరుపు కింద కనపడలేదు.

ఆయన చాలాసేపు ఆ గీత వైపే చూశారు. తర్వాత ఫోన్ తీసి కొనే ఆయనకి కబురు పెట్టారు: గోడకి తగిలించుకోవడానికైతే ఇస్తాను, తొక్కడానికైతే ఇవ్వను. అవతలాయన గోడకే అన్నాడట. ధర తగ్గించమని కూడా అడగలేదట.

మార్చి 22

నా క్రాంకుకీ ముగ్గుపిండి పరీక్ష పెట్టాను. గీత లేదు.

బాల్స్ అన్నీ కొత్తవి. సంతపేటలో కొన్నాను. వెనక చక్రానికీ క్రాంకు గూటికీ పావు అంగుళం, ముందు చక్రానికి 3/16. పాతవాటిలో బాగున్నవి ఏరి కొత్తవాటితో కలుపుదామనే పిసినారి ఆలోచన వచ్చింది. కలపకూడదు. వెంట్రుకవాసి పెద్దగా ఉన్న బాల్ ఒక్కటే బరువంతా మోస్తుంది, అదే కప్పుని కొరికేస్తుంది. బాల్స్‌ని అదిమి పట్టే కోను బిగించడంలో మాత్రం మా మెకానిక్కు చెయ్యే పైచెయ్యి. ఇరుసు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని తిప్పి, "ఇంకొక్క పిసరు" అంటాడు. సుత్తి విషయంలో నేను మనసులో పెట్టుకున్నది ఇవాళ్టితో పోయింది.

టైర్ల కోసం పినాకినిలో మద్రాసు వెళ్లొచ్చాను. రిమ్ము 27 × 1¼. ఇక్కడ దొరికేది మన పెద్ద సైకిళ్ల 28 × 1½, కొంచెమే తేడాలే అనుకుంటే వదులైపోతుంది, నిలవదు. రిమ్ము మీద టైరు కూర్చునే చోట దానికి 635 మిల్లీమీటర్లు, దీనికి 630. ప్యారీస్ కార్నర్ వైపు నాలుగు షాపులు తిరిగితే ఒకాయన అటక మీంచి రెండు దించాడు.

బ్రేకు రబ్బర్లు పాతవి రాయిలా అయ్యాయి, పారేశాను. లెక్చరరు గారు పారెయ్యొద్దన్నారు, ఒరిజినల్ కదా అని. నేను మైపాడు దాకా పోయి రావాల్సినవాణ్ణి, ట్రంక్ రోడ్డులో లారీల మధ్య ఒరిజినల్ నన్ను ఆపదు.

ఏప్రిల్ 5

పొద్దున అయిదున్నరకి బయల్దేరి మైపాడు బీచికి. కత్తిరి ఎండలు ఇంకా రాలేదు గానీ తిరిగొచ్చేసరికి తొమ్మిదైతే మాడిపోతాం. ఊరు దాటాక వరి కోసిన చేలు, రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల చప్పుడు. గేరు మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిలు వదిలి మోకాళ్ల మధ్యకి వంగాలి. మొదటి మూడుసార్లు గుంటలో పడబోయాను. ఆ తర్వాత చెయ్యే అలవాటు చేసుకుంది. ఈ గేరుకి సన్‌టూర్ అంత చురుకు లేదు, మీటని కొంచెం బతిమాలాలి. పడ్డాక మాత్రం చైను చప్పుడు ఉండదు, గాలి చప్పుడే.

బీచి దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన వచ్చి క్రాంకు పట్టుకుని చూశాడు. "కాటర్ పిన్ను ఏదయ్యా?" లేదు తాతా అన్నాను. "అయితే మాటిమాటికీ ఊడదు" అని తలూపి వెళ్లిపోయాడు. ఇప్పటిదాకా ఈ సైకిలు గురించి విన్న మాటల్లో నాకు నచ్చింది అదే.

ఇంటికొచ్చి ముందు పాలిష్ బ్రేకు తుడిచాను.

ఏప్రిల్ 12, కావలి

సైకిలు చూపించడానికి తీసుకెళ్లాను. మావయ్య లుంగీ ఎగ్గట్టి ఎక్కబోయాడు, అత్తయ్య అరిచింది, దిగాడు. హ్యాండిలు పట్టుకుని చుట్టూ తిరిగి, వెనక గేరు దగ్గర వంగి చూశాడు. 1983 మార్చి సంగతి మళ్లీ అడిగాను. షిమానో ఊరు సకాయి, కోబే ఉన్న అఖాతం ఒడ్డునే ఉంటుంది, మళ్లీ కొన్నారేమో అని అందించాను. తల అడ్డంగా ఊపాడు.

"ఆయనకి గుర్తుండదు, నాకుంటుంది" అంది అత్తయ్య, చేతులు తుడుచుకుంటూ. "పెళ్లయిన మరుసటి ఏడాది. ఓడలో పెట్టె ఏదో మీద పడి సైకిలు వెనకాల వంగిపోయిందట. ఇంటికొచ్చేటప్పుడు టేప్ రికార్డరు తెస్తానని ఉత్తరం రాశారు. నేను ఊరంతా చెప్పుకున్నా. వచ్చాక చూస్తే చేతిలో ఇంత డబ్బా. విప్పితే ఆ ముక్క."

మావయ్య అప్పుడు నవ్వాడు. గుర్తొచ్చినట్టే ఉంది.

"మరి కొన్నది పెళ్లికి ముందేగా?" అన్నాను. "నేను చూసింది తర్వాత" అంది అత్తయ్య.

లోపలికి వెళ్లి బీరువా తెరిచింది. నాఫ్తలీన్ వాసన వరండా దాకా వచ్చింది. చేతిలో అరచేతంత అట్టపెట్టె. అంచులు మెత్తబడ్డాయి, ఒక మూల దారంతో కుట్టి ఉంది. పైన షిమానో పేరు, 600 అంకె. మూత తీస్తే గుండీలు, జాకెట్ హుక్కులు, ఒక సూది డబ్బీ, ఏదో పాత చెవిదిద్దు శీల.

ఫోటో తీసి లెక్చరరు గారికి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్. పెట్టె ఉంటే ఆ గేరు కథే వేరట, పాలిష్ పెట్టి నేను పోగొట్టింది ఈ పెట్టెతో చాలావరకు వస్తుందట. స్పీకరులో పెట్టి అత్తయ్యకి వినిపించాను.

అత్తయ్య పెట్టె నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టింది. "గుండీలు నువ్వు పెట్టుకుంటావా?" అని బీరువా వైపు నడిచింది.

మావయ్య ఇంకా సైకిలు దగ్గరే ఉన్నాడు. అత్తయ్య అటు తిరగ్గానే లుంగీ మళ్లీ ఎగ్గట్టాడు.